డ్రెస్ వాచీకి చేతికుట్టు బెల్టు: దూడతోలా, కార్డోవానా, మేకతోలా?

డ్రెస్ వాచీకి, అంటే హుందా దుస్తుల మీదికి కట్టుకునే పలుచని వాచీకి, చేతితో కుట్టిన తోలు బెల్టు చేయించుకోదలచిన మిత్రులు ఈమధ్య పదే పదే ఒకే ప్రశ్న అడుగుతున్నారు: బాక్స్ కాఫ్ మంచిదా, షెల్ కార్డోవాన్ మంచిదా, లేక మేకతోలు సరిపోతుందా? నాన్నగారి కాలం నాటి హెచ్.ఎం.టి. జనతాను బాగుచేయించి మళ్ళీ కట్టుకుంటున్నవారిదీ, పెళ్ళికోసమో ఉద్యోగంకోసమో పలుచని వాచీ కొనుక్కున్నవారిదీ ఇదే సందేహం. మూడింటి గుణదోషాలూ చెబుతాను. అయితే బెల్టు ఎన్నాళ్ళు మన్నుతుందన్నది మణికట్టుకు ఆనుకుని ఉండే లైనింగే తేలుస్తుందని నా గట్టి నమ్మకం కాబట్టి, ఎక్కువ మాటలు దాని గురించే ఉంటాయి.

బాక్స్ కాఫ్ అంటే క్రోమియం లవణాలతో పదును చేసిన దూడతోలు. నునుపుగా, సన్నని రంధ్రాలతో, మంచి బూట్లకుండే నిగారింపుతో ఉంటుంది. నల్లని బాక్స్ కాఫ్ బెల్టు తెల్లని డయలున్న వాచీకి ఇచ్చే నిండుదనం మరే తోలూ ఇవ్వదని చెప్పవచ్చు. దాని లోపం ఒక్కటే, గోరు తగిలినా గీత కనిపిస్తుంది. రంగు కలిసే బూటు క్రీము పలుచగా రాస్తే ఆ గీత చాలావరకు మాసిపోతుంది.

కార్డోవాన్ గుర్రపు పిరుదు భాగంలో, చర్మం లోపల ఉండే దట్టమైన పీచుపొర నుంచి వస్తుంది. 1905లో షికాగోలో మొదలైన హార్వీన్ కర్మాగారం దీనిని చెట్టు బెరళ్ళ సారంతో పదును చేసి, నూనెలు పట్టించి, నునుపు తేల్చడానికి సుమారు ఆరు నెలలు తీసుకుంటుంది. జపాన్‌లోని హిమేజీలో షింకీ సంస్థ తయారుచేసే కార్డోవాన్‌కూ అంతే పేరుంది. బకిల్ దగ్గర వంగేచోట దూడతోలు సన్నని ముడతలు పడితే, కార్డోవాన్ మాత్రం గుండ్రని అలలా వంగి ఊరుకుంటుంది. దీన్ని ఇష్టపడేవారు ముందుగా చెప్పేది ఆ అందం గురించే, ఆ మాట నిజం కూడా. కానీ నీటిచుక్క పడినచోట చిన్న పొక్కులా ఉబ్బుతుంది. ఆరిన తరువాత మెత్తని గుడ్డతో గట్టిగా రుద్దితే అణుగుతుంది గానీ, తొలకరి నుంచి కార్తీకం దాకా వానల్లో తిరిగేవారికి అది తరచూ చేయవలసిన పనే. పైగా దాన్ని మరీ పలుచగా చెక్కడానికి తయారీదారులు ఇష్టపడరు కాబట్టి బెల్టు కొంత బరువుగా, బిరుసుగా వస్తుంది.

మేకతోలుకు మన దగ్గర దక్కవలసిన గౌరవం దక్కలేదని నాకు అనిపిస్తుంది. పాత రోజుల్లో ఐరోపాలో విలువైన పుస్తకాలకు మొరాకో పేరుతో బైండింగు చేసింది ఈ తోలుతోనే. 1903 నుంచి ఫ్రాన్స్‌లోని మజామేలో ఉన్న ఆల్రాన్ సంస్థ మేకతోళ్ళను ఇప్పటికీ గొప్ప సంచుల తయారీదారులు వాడుతున్నారు. పీచు గట్టిది కావడంతో బాగా పలుచన చేసినా బలం తగ్గదు. గింజలు పరచినట్టుండే ఉపరితలం మీద గీతలు కనిపించవు. బాక్స్ కాఫ్‌కున్న అద్దంలాంటి మెరుపు దీనికి లేకపోవడం మాత్రం నిజం.

ఇక లైనింగు సంగతి. నేను చూసిన పాత చేతికుట్టు బెల్టుల్లో పైతోలు అరిగి పాడైనవి చాలా అరుదు. బకిల్ వైపు, రోజూ ముల్లు దూరే కన్నం వెనుక లైనింగు ముందుగా నల్లబడుతుంది. తరువాత అట్టలా బిరుసెక్కుతుంది, ఆ తరువాత కన్నం అంచు నుంచి అడ్డంగా చీలుతుంది. అప్పటికి పైన ఎంత ఖరీదైన కార్డోవాన్ ఉన్నా దాన్ని తీసి పక్కన పెట్టవలసిందే. దీనికి కారణం చెమట. నీరు ఆరిపోయినా ఉప్పు తోలులోనే ఉండిపోయి, దాన్ని మెత్తగా ఉంచే నూనెల స్థానంలో పేరుకుంటుంది.

లైనింగుకు ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది చెట్టు బెరళ్ళతో పదును చేసిన తోలు. దక్షిణ భారతంలో తంగేడు చెక్క, కరక్కాయలతో తోళ్ళు పదును చేయడం తరతరాలుగా ఉన్న విద్య. ఆ తరహా మేకతోళ్ళు, గొర్రెతోళ్ళు ఈస్ట్ ఇండియా తోళ్ళన్న పేరుతో చెన్నపట్నం నుంచి విదేశాలకు వెళ్ళేవి. ఈ తోలు చెమటను పీల్చుకుంటుంది, మణికట్టు ఆకారానికి ఒదుగుతుంది, క్రోమియం పడనివారికి దురద తేదు. చలువ గదుల్లో పనిచేసేవారికి, చల్లని దేశాల్లో ఉంటున్న మనవాళ్ళకు ఇదే హాయి. అయితే విజయవాడ వేసవిలోనో, విశాఖ ఉక్కపోతలోనో అది పీల్చుకున్న తేమ మరునాటి ఉదయానికి కూడా పూర్తిగా ఆరదు. వానాకాలంలో బీరువాలో పెడితే బూజు కూడా పడుతుంది.

రెండవది జెర్మాట్ వంటి, నీటిని త్వరగా పట్టనివ్వని క్రోమ్ దూడతోలు. విదేశీ బెల్టు తయారీదారులు లైనింగుకు ఎక్కువగా ఎంచుకునేది ఇలాంటిదే. తొలిరోజుల్లో కాస్త జిగురుగా తగిలినట్టు అనిపించినా, సాయంత్రం తడి గుడ్డతో తుడిచి నీడన ఆరబెడితే ఉప్పు లోపలికి దిగదు. రోజంతా ఫ్యాను కింద, బస్సులో, ఎండలో గడిచే మన జీవితాలకు నేను దీన్నే ఎంచుకోమంటాను. చర్మం ఎర్రబడే స్వభావం ఉన్నవారు మాత్రం మొదటి రకానికే వెళ్ళి, రోజు విడిచి రోజు కట్టుకోవడం మంచిది.

అంచు పని కూడా లైనింగుతో ముడిపడినదే. క్రోమ్ తోలు అంచు రుద్దితే నునుపుతేలదు కాబట్టి రంగు పొరలు పూయవలసి వస్తుంది. చెమటకు ఆ రంగు పెచ్చులుగా లేచిందంటే రెండు తోళ్ళ మధ్యకు తేమ చేరే దారి తెరుచుకున్నట్టే. పైతోలును పలుచన చేసి అంచు మీదుగా లోపలికి మడిచి కుట్టే పద్ధతిలో ఈ బాధ బాగా తగ్గుతుంది. ఆ మడతకు మేకతోలు చక్కగా లొంగుతుంది కాబట్టే నా మొగ్గు అటువైపు. ఒకే దారాన్ని రెండు సూదులతో ఎదురెదురుగా దూర్చి కుట్టే చేతికుట్టులో ఒక కుట్టు తెగినా పక్కవి నిలుస్తాయి. మిషను కుట్టుకు ఆ భరోసా లేదు.

మందం విషయంలో చాలామంది చేతికుట్టు అనగానే దట్టంగా ఉండాలనుకుంటారు. డ్రెస్ వాచీకి అది నప్పదు. కేసు మందం 3.5 మిల్లీమీటర్లే ఉండే టైటన్ ఎడ్జ్‌కు నాలుగు మిల్లీమీటర్ల బెల్టు తగిలిస్తే వాచీ కంటే బెల్టే పైకి కనిపిస్తుంది. లగ్‌ల దగ్గర, అంటే కేసుకు బెల్టు తగిలించే కొమ్ముల దగ్గర, మూడు మిల్లీమీటర్లకు మించకుండా, బకిల్ దగ్గర రెండుకు తగ్గేలా చెప్పండి. జనతా వంటి పాత వాచీల్లో బెల్టును పట్టి ఉంచే సన్నని కడ్డీ అయిన స్ప్రింగ్ బార్‌కూ కేసుకూ మధ్య సందు ఇరుకు కాబట్టి అక్కడ ఇంకా పలుచన అవసరం కావచ్చు. లగ్‌ల మధ్య వెడల్పు 18 మిల్లీమీటర్లయితే బకిల్ వైపు 16 గాని 14 గాని చూడముచ్చటగా ఉంటుంది.

ఎలిగేటర్ తోలు సంప్రదాయసిద్ధమైన ఎంపికే అయినా, అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందమైన సైటిస్ కిందికి వస్తుంది కాబట్టి విదేశాల నుంచి తెప్పించుకోవాలంటే అనుమతి పత్రాలు కావాలి. ఆ శ్రమ పడదలచనివారు దాని జోలికి పోనవసరం లేదు. మొసలి చారలు అచ్చొత్తిన దూడతోలు కంటే సాదా తోలే హుందాగా ఉంటుంది. గేదెతోలు ముతక వాచీలకు బాగుంటుంది. మడత బకిల్ పెట్టుకుంటే కన్నాల దగ్గర వంపు తగ్గుతుంది గానీ, పలుచని వాచీ కింద అది మణికట్టుకు ఒత్తుకుంటుంది.

కొలత ఇచ్చేటప్పుడు ఉదయం కాకుండా మధ్యాహ్నం దాటాక మణికట్టు కొలవండి, ఎందుకంటే ఎండాకాలంలో అప్పటికి అది కొంత ఉబ్బుతుంది. కన్నాలను ఆరు మిల్లీమీటర్ల ఎడంతో కొట్టమనండి. మామూలుగా వాడే కన్నం వరుస మధ్యలో వచ్చేలా చూస్తే, ఉక్కపోత రోజున ఒక కన్నం వదులు చేసుకుని లైనింగుకు గాలి ఆడనివ్వవచ్చు.