ఒకే నవలకు రెండు పేర్లు: కొనే ముందు చూసుకోండి

హిరోమి కవకామి నవల ‘స్ట్రేంజ్ వెదర్ ఇన్ టోక్యో’ కొనబోతున్నవాళ్ళు ముందు మీ అలమరలో ‘ది బ్రీఫ్‌కేస్’ ఉందేమో చూసుకోండి. ఉంటే డబ్బు దాచుకోండి. రెండూ ఒకటే పుస్తకం.

నేను చూసుకోలేదు. ‘ది బ్రీఫ్‌కేస్’ నాలుగేళ్ళ కిందటే చదివి, నలుగురికీ చెప్పి మరీ చదివించినవాణ్ణి. పోయిన నెల అదే రచయిత్రి పేరుతో ఆన్‌లైన్‌లో ఇంకో పుస్తకం కనిపించింది. అట్ట మీద దుకాణం అరల మధ్య ఒక అమ్మాయి గాలిలో తేలుతూ ఉంది. ఈవిడ మరో ప్రేమకథ రాసిందన్న సంబరంలో 340 రూపాయలు కట్టేశాను. తీరా వచ్చాక తెరిచి చూస్తే, చిన్న బారులో ఒంటరిగా కూర్చున్న త్సుకికో అనే స్త్రీ, పక్కనే ఒక పెద్దాయన, ఆమె పాత మాస్టారు. ఇద్దరూ ఒకే రకం తిండి తెమ్మంటారు: పులియబెట్టిన సోయాతో ట్యూనా చేప, తామర దుంప వేపుడు, ఉప్పులో ఊరిన చిన్న ఉల్లిపాయలు. ఈ విందుకు నేను ఇదివరకే వచ్చానే అనుకున్నాను.

జరిగింది ఇదీ. జపనీస్‌లో ఈ నవల 2001లో ‘సెన్సేయ్ నో కబాన్’ అనే పేరుతో వచ్చింది. మన మాటల్లో చెప్పాలంటే ‘మాస్టారి సంచి’. ఆ ఏడే జపాన్ సాహిత్య పురస్కారం తనిజాకి బహుమతి పొందింది. అలిసన్ మార్కిన్ పావెల్ ఇంగ్లీషు అనువాదాన్ని 2012లో అమెరికాలో ‘ది బ్రీఫ్‌కేస్’ అని, మరుసటి ఏడు బ్రిటన్‌లో ‘స్ట్రేంజ్ వెదర్ ఇన్ టోక్యో’ అని వేశారు. తర్వాత అమెరికాలోనూ రెండో పేరే పెట్టారు. ముద్రణను గుర్తించే ఐఎస్‌బీఎన్ సంఖ్యలు వేరు కాబట్టి అమ్మకపు సైట్లు వీటిని రెండు పుస్తకాలుగానే చూపిస్తాయి. బహుమతుల జాబితాలు చూసినా మోసపోతాం: మ్యాన్ ఏషియన్ సాహిత్య బహుమతి తుది జాబితాలో మొదటి పేరు, 2014 ఇండిపెండెంట్ ఫారిన్ ఫిక్షన్ బహుమతి తుది జాబితాలో రెండో పేరు ఉంటాయి. ‘పరేడ్’ అనే పల్చని బొమ్మల పుస్తకం కూడా ఉంది. అది త్సుకికో, మాస్టారి గురించే అయినా, తరువాయి భాగం అనుకుని కొంటే గంటలో అయిపోతుంది.

ఇంతవరకూ తప్పు నాదే. అసలు కోపం ఇక ముందుంది.

నాకు వచ్చింది దొంగ ముద్రణ. అట్ట మీది బొమ్మ అలికినట్టు మసకగా ఉంది. కొన్ని పేజీల్లో అక్షరాలు పక్కకు ఒరిగి ఉన్నాయి. ప్రచురణ వివరాలుండే ఇంప్రింట్ పేజీ అసలు లేనే లేదు. ఒక ఫారం, అంటే పదహారు పేజీలు, రెండుసార్లు కుట్టి, తర్వాతి ఫారం ఎగరగొట్టారు. పోయింది కూడా ఎక్కడనుకున్నారు? మాస్టారూ త్సుకికో మాటలు మానేసే చోట! బారులో రేడియోలో బేస్‌బాల్ ఆట వస్తుంటుంది. ఆయనకు జెయింట్స్ జట్టంటే ప్రాణం, ఆమెకు ఆ పేరు చెబితేనే మంట. అంత చిన్న విషయానికి రోజుల తరబడి పక్కపక్కనే కూర్చుని ఎడమొహం పెడమొహంగా తాగుతారు. దాదాపు నలభై ఏళ్ళ స్త్రీ, ఆమెకు ఒకప్పుడు బడిలో జపనీస్ పాఠాలు చెప్పిన, ముప్పై ఏళ్ళకు పైగా పెద్దవాడైన మనిషీ చిన్నపిల్లల్లా అలగడమే ఈ నవల ప్రాణం. ఒంటరితనానికి అలవాటు పడిన త్సుకికో తనకు ఇంకొకరు కావాలని ఒప్పుకోవడం అక్కడినుంచే మొదలవుతుందని నాకనిపిస్తుంది. ఆ పేజీలు లేకపోతే వాళ్ళు ఎందుకు అలిగారో, ఎందుకు కలిశారో కొత్త పాఠకుడికి అర్థం కాదు. రచయిత్రికి కథ చెప్పడం రాదనుకుని పక్కన పడేస్తాడు. దొంగ ప్రతి చేసే పెద్ద చేటు అదే, డబ్బు కాదు.

అమ్మినవాడు ప్లాస్టిక్ కవరు విప్పారు కాబట్టి వెనక్కి తీసుకోనన్నాడు. విప్పకుండా పేజీలు ఎలా లెక్కపెట్టాలో చెప్పలేదు. మీకూ ఇలా జరిగితే ఊరుకోకండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్న సరుకును, వివరణకు సరిపడని సరుకును అమ్మకందారు వెనక్కి తీసుకోనని అనకూడదు. సైటు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. కదలిక లేకపోతే వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫోను చేయండి. పెట్టె విప్పేటప్పుడే వీడియో తీసుకోండి. నా దగ్గర ఫోటోలు మాత్రమే ఉన్నాయి, వాటి మీదే వాదిస్తున్నాను.

కొనే ముందు ఇంప్రింట్ పేజీ ఫోటో పంపమని అడగండి. అందులో అనువాదకురాలి పేరు, జపనీస్ మూల శీర్షిక చూసుకోండి. ఆ ఫోటో పంపడానికి నసిగే అమ్మకందారు దగ్గర కొనకండి. సగం ధరకు కొత్త పుస్తకం అన్నా అనుమానించండి.

పుస్తకం మాత్రం బంగారం, అందులో అనుమానం లేదు. సైటువాళ్ళు నా ఫిర్యాదు అందిందని చెప్పి ఈరోజుకు పదకొండు రోజులు. ఈలోగా ఆ పాడు ప్రతిలో ఫారం ఎగిరిపోయిన చోట పెన్సిలుతో రాసిపెట్టాను: ‘వీళ్ళు పోట్లాడుకున్నది జెయింట్స్ గురించి.’