జామాయిల్ పుప్పొడికి చెస్ట్ ఫ్రీజర్: ఆరేళ్ల వాడకం తర్వాత

జడ్చర్ల దగ్గర మా ఎర్ర చల్క నేలలో ఉన్న జామాయిల్ క్లోన్లు (ఒక్కోటీ ఒకే తల్లి చెట్టు కొమ్మల నుంచి పెంచిన రకం) అన్నీ ఒకే నెలలో పూయవు. ఒకదాని పూత రాలిపోయాక గాని మరొకటి మొగ్గ తొడగదు కాబట్టి, ఆ రెంటినీ సంకరం చేయాలంటే మొదటిదాని పుప్పొడిని నెలల తరబడి, ఒక్కోసారి మరుసటి పూత దాకా, ప్రాణం పోకుండా దాచుకోక తప్పదు. అందుకోసం కొన్న చెస్ట్ ఫ్రీజర్‌ను, దానితో పాటు తేమను పీల్చే సిలికా జెల్‌ను ఆరేళ్లుగా వాడుతున్నాను.

ఫ్రీజర్ మైనస్ 18, మైనస్ 20 డిగ్రీల మధ్య నిలకడగా ఉంటున్నది. మూత పైకి తెరుచుకుంటుంది కనుక తెరిచినప్పుడల్లా చల్లదనం జారిపోదు. మంచును తనంతట తానే కరిగించుకునే రకం ఈ పనికి పనికిరాదు. ఆ కరిగింపు కోసం అది లోపల మాటిమాటికీ వేడెక్కుతుంది. నాలుగో ఏట మూత రబ్బరు వదులైతే, సర్వీసు వారు మార్చడానికి మూడు వారాలు తిప్పించుకున్నారు. ఎండాకాలం కరెంటు కోతలను, ఖాళీ జాగాలో పేర్చిన ఉప్పునీళ్ల సీసాలతో నెట్టుకొచ్చాము.

అసలు కష్టమంతా తేమతోనే. పైన మూతలా ఉండే టోపీ రాలబోయే మొగ్గలను పొద్దున్నే కోసి, కేసరాలను కత్తిరించి, మూత బిగించిన డబ్బాలో సిలికా జెల్ మీద రెండు రోజులు ఆరబెట్టి, జల్లించి సీసాలకు ఎత్తుతాము. సిలికా జెల్ నీలి గుళికలు తేమ పట్టి గులాబీ రంగుకు తిరిగితే పొయ్యిలో 120 డిగ్రీల వద్ద ఆరబెట్టి మళ్లీ వాడుకుంటాము. మూడో ఏడు, ముసురు పట్టిన రోజున, మా సహాయకుడు ఫ్రీజర్‌లోంచి తీసిన సీసాను అక్కడికక్కడే తెరిచాడు. గాజు లోపలి గోడ మీద మంచు బిందువులు పట్టి, పుప్పొడి తడిసిన పిండిలా ముద్దకట్టింది. ఆ సంగతి నాకు చెప్పకుండానే పూలకు అద్ది, వేరే పుప్పొడి సోకకుండా సంచులు కట్టేశారు. మర్నాడు అదే సీసాలో మిగిలినదాన్ని బోరిక్ ఆమ్లం కలిపిన 10 శాతం చక్కెర ద్రావణంలో వేసి మైక్రోస్కోపు కింద చూస్తే, ఎక్కడో ఒకటి అరా తప్ప రేణువులకు నాళమే (బతికున్న రేణువు నుంచి మొలకలా వచ్చే గొట్టం) రాలేదు. ఆ సంచుల్లోని కాయలు చాలావరకు తాలు పోయాయి.

అప్పటినుంచి ఒక్క పూట పనికి సరిపడేంతే ఒక సీసాలో నింపుతున్నాము. బయటికి తీసిన సీసా గది వేడికి వచ్చేదాకా, కనీసం అరగంట, మూత తీయనివ్వను. మిగిలినదాన్ని తిరిగి ఫ్రీజర్‌లో పెట్టము.

రెండేళ్లు దాచిన పుప్పొడిలో నాళాలు తాజాదానికంటే తక్కువే వస్తున్నా, కాయ కట్టడానికి సరిపోతున్నాయి. పదేళ్లు దాచదలచినవారికి మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనే దారి గాని, దాన్ని మాటిమాటికీ నింపించుకోవడం మా వంటి చిన్న నర్సరీకి అయ్యే పని కాదు.