కలశమా, తలకిందుల కాగడానా? రాతిలో దుఃఖానికి ఏది మేలు?

ఇటలీ శిల్పి కనోవా చెక్కిన సమాధి శిల్పాల ఊసెత్తితే చాలు, చావుకి గుర్తుగా గుడ్డ కప్పిన కలశం గొప్పదా తలకిందుల కాగడా గొప్పదా అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. రెండూ గ్రీకు, రోమన్ల సొత్తే, ఆ చరిత్ర ఇక్కడ వదిలేద్దాం.

కలశం చెక్కడం ఈజీ. మీద గుడ్డ మడతలు నాలుగు వేలాడితే చాలు, మామూలు రాతిపనివాడి చేతిలో కూడా చావు కళ వచ్చేస్తుంది, అందుకే 1800 ప్రాంతానికి అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ సమాధి పలకల మీద రెక్కల పుర్రెలు తగ్గిపోయి కలశం, దాని మీదికి వాలిన విల్లో చెట్టు వచ్చి కూర్చున్నాయి. నా పేచీ అంతా లోపల ఏముంది అన్న దగ్గరే. కలశం అంటే అస్థికలు కదా, ఈ క్రైస్తవులేమో పూడ్చిపెట్టేవాళ్లు! వియన్నా అగస్టీన్ చర్చిలో ఆస్ట్రియా రాకుమారి మరియా క్రిస్టీనా స్మారకం (1805లో పూర్తయింది) చూడండి, పిరమిడ్‌కి చీకటి గుమ్మం పెట్టి, కలశం పట్టుకుని తలవంచుకుని లోపలికెళ్లే ఆవిణ్ణి, వెనకాల పిల్లల్ని, ముసలాయన్ని పెట్టాడు కనోవా, చూస్తుంటే గొంతు పట్టేస్తుంది. తీరా చూస్తే ఆమెని దహనం చెయ్యలేదు, శరీరం అక్కడ లేదు కూడా, కాపుచిన్ చర్చి కింద రాజవంశం నేలమాళిగలో ఉంది. అస్థికలు గోదాట్లో కలిపొచ్చే మనకి ఆ కలశం ఇంకాస్త ఖాళీగా అనిపిస్తుంది.

కాగడాకి ఆ గొడవ లేదు. కాల్చినా పూడ్చినా, శరీరం ఎక్కడున్నా, వెలిగేది ఆరిపోయింది, అంతే. పాతకాలం గ్రీకు, రోమన్లకి మృత్యువంటే అస్థిపంజరం కాదు, కాగడా దించిన కుర్రాడు, నిద్రకి కవల అని 1769లోనే జర్మన్ రచయిత లెస్సింగ్ వాదించాడు. రోమ్ సెయింట్ పీటర్స్‌లో బ్రిటన్ గద్దె పోగొట్టుకున్న స్టువర్ట్ రాజవంశం వాళ్ల స్మారకం (1819) కూడా కనోవాదే, మూసిన తలుపు, అటూ ఇటూ దించిన కాగడాల మీద ఆనుకున్న ఇద్దరు దేవదూతలు. గుండెలు బాదుకోడాల్లేవు. నా ఓటు దీనికే. కాకపోతే పక్కన మనిషి లేకుండా కాగడా ఒక్కటే చిన్నగా చెక్కితే ఐస్‌క్రీమ్ కోన్‌లా తేలుతుంది, చిన్న పలకకైతే కలశమే నయం.

ఇక మిగతా గుర్తుల్లో, విరిగిన స్తంభం చిన్న వయసులో పోయినవాళ్లకి సరే. ఒబెలిస్క్, అంటే పైకి సన్నబడే నాలుగు పలకల రాతి స్తంభం, మన హైదరాబాద్‌లోనూ ఉంది, 1798లో పోయిన నిజాం కొలువులోని ఫ్రెంచ్ సేనాని రేమండ్ సమాధి దగ్గర, కానీ అది హోదా చెప్తుంది గానీ ఏడుపు చెప్పదు.