పొగాకులో నికోటిన్ కొలవడానికి ఏది మేలు: చేతిలో సెన్సారా, ల్యాబులో మెషీనా?

ల్యాబులో క్రొమటోగ్రఫీ మెషీను (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచేది) ఉంటే ఇక సెన్సార్ ఎందుకని చాలామంది అడుగుతారు. ఏం కొలవాలన్నదాన్ని బట్టి ఉంటుంది.

వేప్ (ఈ-సిగరెట్) ద్రవంలో నికోటిన్ ఎంతుందో చూడాలంటే నా ఓటు సెన్సారుకే. ఫోనుకు తగిలించే చిన్న పొటెన్షియోస్టాట్ (వోల్టేజీ పెట్టి కరెంటును కొలిచే పరికరం), వాడి పారేసే కార్బన్ స్ట్రిప్ ఉంటే చాలు. షుగర్ టెస్టు స్ట్రిప్ లాంటిదే, కాకపోతే ఎంజైమ్ అక్కర్లేదు. ద్రవాన్ని బఫర్‌లో (పీహెచ్‌ను, అంటే ఆమ్లత్వాన్ని, నిలకడగా ఉంచే ద్రావణంలో) పలచన చేసి చుక్క వేసి, వోల్టేజీ పెంచుకుంటూ పోతే సుమారు 0.8–0.9 వోల్టుల దగ్గర నికోటిన్ ఆక్సిడైజ్ అయి (ఎలక్ట్రాన్లను వదిలి), గ్రాఫులో కరెంటు గుట్టలా లేస్తుంది. గుట్ట ఎంత ఎత్తుంటే నికోటిన్ అంత ఎక్కువ. బఫర్ విషయంలో మాత్రం బద్ధకం పనికిరాదు. నికోటిన్‌ను ఆమ్లంతో కలిపి చేసే ‘నికోటిన్ సాల్ట్’ వేప్ ద్రవాల్లో సాధారణంగా బెంజోయిక్ ఆమ్లం ఉంటుంది; పీహెచ్ పడిపోతే గుట్ట పక్కకు జరిగిపోతుంది. వెనిలా ఫ్లేవరైతే ఇంకో తలనొప్పి: ఆ వాసననిచ్చే వెనిలిన్ కూడా ఆక్సిడైజ్ అవుతుంది.

పొగాకు ఆకు దగ్గరికొస్తే స్ట్రిప్‌కు అసలు పరీక్ష. ఆకులో సహజంగా ఉండే క్లోరోజెనిక్ ఆమ్లం, రుటిన్ అనే పదార్థాలు నికోటిన్ కంటే ముందే ఆక్సిడైజ్ అయి ఎలక్ట్రోడ్ మీద పొరలా పేరుకుంటాయి. రెండోసారి అదే స్ట్రిప్ వాడితే అంకె తగ్గి వస్తుంది. బోరాన్ కలిపిన వజ్రపు ఎలక్ట్రోడ్ ఈ మురికిని బాగా తట్టుకుంటుంది కానీ ఖరీదు ఎక్కువ. మామూలు స్ట్రిప్‌తోనే నెట్టుకురావాలంటే, శాంపిల్‌కు తెలిసిన మోతాదులో నికోటిన్ కలుపుతూ కొత్త స్ట్రిప్‌లతో మళ్ళీ మళ్ళీ కొలిచి లెక్కగట్టాలి. ఓపిక ఉంటే ఇదే చవక.

నికోటిన్ సంగతి అలా ఉంచితే, పొగాకులోని కాడ్మియం, సీసం లాంటి విష లోహాలను కొలవడంలో సెన్సార్ ల్యాబు పరికరాలకు గట్టి పోటీ ఇస్తుంది. లోహాన్ని ముందు ఎలక్ట్రోడ్ మీద ఉన్న బిస్మత్ అనే లోహపు పొర మీదికి లాగి, తర్వాత కరిగించి కొలుస్తారు. ఒకప్పుడు ఈ పనికి పాదరసం వాడేవారు. అయితే ఆకును ముందు ఆమ్లంలో పూర్తిగా కరిగించాలి, అది నిలబడ్డ చోట అయ్యే పని కాదు.

క్యాన్సర్ కారక నైట్రోసమైన్ల విషయంలో మాత్రం కళ్ళు మూసుకుని ల్యాబుకే పంపండి. గ్రాము పొగాకులో నికోటిన్ మిల్లీగ్రాముల్లో ఉంటే, ఎన్‌ఎన్‌ఎన్, ఎన్‌ఎన్‌కే అనే నైట్రోసమైన్లు మైక్రోగ్రాముల్లో ఉంటాయి. అంత గుంపులోంచి వాటిని ముందు విడదీయాలి, ఆ పని క్రొమటోగ్రఫీదే. స్ట్రిప్ మీద నేరుగా ఎన్‌ఎన్‌కే దొరికిందని ఎవరైనా చెబితే, నికోటిన్‌ను ఎలా పక్కకు తప్పించారో ముందు అడగండి.