పక్కింటి ట్యాంకు వెనక ధ్రువ నక్షత్రం: నాలుగేళ్ల వాడకం తర్వాత

అనంతపురంలో మా మిద్దె మీద 80 మిల్లీమీటర్ల టెలిస్కోపు, దాన్ని చుక్కల వెంట తిప్పే ఈక్వటోరియల్ మౌంటు పెట్టుకుని నీహారికల (ఆకాశంలోని వాయు, ధూళి మేఘాల) ఫోటోలు తీయడం మొదలుపెట్టి నాలుగు చలికాలాలు గడిచాయి. టెలిస్కోపు మీద ఫిర్యాదు లేదు. ఫోటో అంచుల్లో చుక్కలు కాస్త సాగుతాయి, కత్తిరించేస్తాను. కథంతా మౌంటుదే.

దాన్ని తయారుచేసినవారు మన అక్షాంశంలో ఎవరూ ఆకాశం చూడరనుకున్నట్టున్నారు. మౌంటు తిరిగే అక్షాన్ని ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టాలి, ఇక్కడ దాని ఎత్తు సుమారు 15 డిగ్రీలే. మౌంటు తలను అంత కిందికి వంచితే టెలిస్కోపు బరువుకు సమతూకంగా ఉండే కౌంటర్‌వెయిట్ కడ్డీ, మూడు కాళ్ల స్టాండు (ట్రైపాడ్) ముందు కాలికి తగులుతుంది. మొదటి డిసెంబరులో, ఓరియన్ నక్షత్రమండలం తూర్పున లేస్తుండగా, టక్కుమని వినిపించింది. మోటారు మూలుగుతూనే ఉంది. ఫోటోలో ఒక్కో చుక్క జీలకర్ర గింజలా సాగింది. ఉత్తరం వైపు రెండు కాళ్ల మధ్య సందు వచ్చేలా ట్రైపాడ్ తిప్పాక ఆ బాధ చాలావరకు తగ్గింది.

ఇక ఆ ధ్రువ నక్షత్రమేమో పక్కింటి నీళ్ల ట్యాంకు వెనక ఉంది. ట్యాంకు జరపమని అడగలేను కదా! ఆకాశాన్ని మూడు ఫోటోలు తీసి పోలిస్తే మౌంటు అక్షం ఎంత పక్కకు ఉందో కంప్యూటరే చెబుతుంది. ఇప్పుడది పది నిమిషాల పని.

వీధి దీపాల వెలుగుకు మందు కెమెరా ముందు పెట్టే ఫిల్టరే. హైడ్రోజన్ ఎరుపు (తరంగదైర్ఘ్యం 656.3 నానోమీటర్లు), ఆక్సిజన్ పచ్చదనం (500.7) తప్ప మిగతా వెలుగును దాదాపు ఆపేస్తుంది. మిద్దె మీద కంటికి జాడైనా తెలియని రోజెట్ నీహారిక, మూడు నిమిషాల ఫోటోలు 60 కలిపేసరికి రేకులతో సహా విచ్చుకుంది. కృత్తికల దగ్గర మాత్రం ఇది పనికిరాదు. అక్కడి నీలి మసక ధూళి మీద పడి చెదిరిన నక్షత్రాల వెలుగు. ఫిల్టర్ దాన్నీ మింగేస్తుంది.

మన పొడిగాలికి మంచు బెడద తక్కువ. లెన్సు వెచ్చబెట్టే పట్టీ ఇంకా కవరులోనే ఉంది, దండగ ఖర్చు. ఏప్రిల్ వేడికి, తనను తాను చల్లబరుచుకునే కెమెరా మైనస్ పదికి దిగనని మొరాయిస్తుంది, అందుకే ఏడాదంతా సున్నా డిగ్రీలకే స్థిరపడ్డాను. ఆషాఢం గాలి మొదలైతే దుకాణం కట్టేయడమే.

మార్చిలో కళ్యాణదుర్గం రోడ్డు వైపు, ఖాళీ వేరుశనగ చేల దగ్గరికి సామాను మోస్తాను. దక్షిణాన 15 డిగ్రీల ఎత్తుకు కరీనా నీహారిక వస్తుంది. ఐరోపావాళ్లకు అది అసలు ఉదయించదు.

మళ్లీ ఇదే మౌంటు కొంటానా? కొంటాను. ఈసారి కడ్డీ కాలికి తగలకుండా ట్రైపాడ్‌కూ తలకూ మధ్య బిగించే గొట్టం కూడా మొదటి రోజే కొంటాను.