బ్రేక్ వేస్తే కారు పక్కకు లాగడం: బిగుసుకున్న క్యాలిపరా, ఇరుకైన హోసా?

బ్రేక్ నొక్కినప్పుడు కారు ఎడమకు లాగితే చాలామంది ఎడమ చక్రాన్నే అనుమానిస్తారు గాని, కుడి క్యాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) పిస్టన్ తుప్పుతో బిగుసుకుని సరిగా పట్టకపోయినా, పట్టు ఎక్కువగా ఉన్న ఎడమ వైపుకే బండి మళ్లుతుంది. కుడి బ్రేక్ హోస్ (క్యాలిపర్‌కు బ్రేక్ ద్రవాన్ని చేర్చే రబ్బరు గొట్టం) లోపల ఉబ్బి దారి ఇరుకైనప్పుడు లక్షణం కాస్త వేరు: ద్రవం ఆలస్యంగా చేరడం వల్ల మొదట ఎడమకు లాగిన కారు, పెడల్ వదిలాక కూడా ఒత్తిడి వెంటనే దిగక, కుడికి లాగవచ్చు. హోస్ పైకి బాగానే కనిపిస్తుంది, తికమకంతా అక్కడే.

విడిభాగాలు కొనకముందే ఒక పరీక్ష చేయడం మేలని నా అభిప్రాయం. చక్రం పట్టేసి ఉండగా కారును జాక్ స్టాండ్లపై భద్రంగా నిలిపి, బ్లీడర్ స్క్రూను (క్యాలిపర్‌ నుంచి ద్రవాన్ని బయటికి వదిలే మర) కొద్దిగా వదులు చేసినప్పుడు, చిక్కుకున్న ఒత్తిడి దిగి చక్రం తేలిగ్గా తిరిగితే అనుమానం ముందుగా హోస్ మీదికి, అప్పటికీ తిరగకపోతే క్యాలిపర్ లేదా అది జరగడానికి ఆధారమైన స్లైడ్ పిన్నుల మీదికి పోవాలి.