ర్యాంకు చెబితే కాలేజీ చెప్పే సేవ: మా అనుభవం

జేఈఈ మెయిన్ ర్యాంకును బట్టి ఏ ఎన్‌ఐటీలో (కేంద్ర ప్రభుత్వ ఇంజినీరింగ్ విద్యాసంస్థలో) సీటు రావచ్చో అంచనా కట్టి చెబుతామన్న ఒక ఆన్‌లైన్ సేవకు మేము 999 రూపాయలు చెల్లించాము. నివేదిక చూడముచ్చటగానే ఉంది. అయితే మాది హనుమకొండ కావడంతో, మా అమ్మాయి ఇంటర్ ఎక్కడ చదివిందని అడగనైనా అడగకుండా, వరంగల్ ఎన్‌ఐటీలో హోమ్ స్టేట్ కోటా (సొంత రాష్ట్ర విద్యార్థులకు కేటాయించే సీట్లు) కింద సీటు ఖాయమని రాసేశారు. ఆ కోటాను నిర్ణయించేది ఇంటి చిరునామా కాదు, పన్నెండో తరగతి ఉత్తీర్ణులైన రాష్ట్రం. విజయవాడలో ఇంటర్ పూర్తిచేసిన మా అమ్మాయికి అది వర్తించేది తాడేపల్లిగూడెంలోని ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐటీలోనే. బాలికలకు విడిగా ఉండే క్లోజింగ్ ర్యాంకులనూ (చివరి సీటు దక్కిన ర్యాంకులు) పట్టించుకోలేదు. ఐఐటీ, ఎన్‌ఐటీల్లో సీట్లు కేటాయించే జోసా వెబ్‌సైట్‌లో గత సంవత్సరాల ఓపెనింగ్, క్లోజింగ్ ర్యాంకులు రౌండ్ల వారీగా ఉచితంగానే దొరుకుతాయి; ఒక సాయంత్రం కూర్చుని వాటిని చూసుకున్నాకే మాకు అసలు పరిస్థితి బోధపడింది. ఫిర్యాదు చేస్తే మర్యాదగా బదులిచ్చారు గానీ, డబ్బు మాత్రం తిరిగి ఇవ్వలేదు.